ఎండ వేసిన అచ్చు

జ్ఞానసుందరికి ప్రశ్నలు ఎక్కువ. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ గుణం తగ్గలేదు సరికదా, కెనడా వచ్చాక రెట్టింపయింది. రాత్రి తొమ్మిదవుతున్నా పొద్దెందుకు గుంకదు? చెత్తకి ఇన్ని రంగుల డబ్బాలెందుకు? ఎదురింటి ముసలాయన పడక్కుర్చీ వేసుకుని ఎండకి ఒళ్ళప్పగిస్తాడు, మళ్ళీ ఆ ఎండ తగలకుండా ఒళ్ళంతా క్రీము పులుముకుంటాడు. కావాలనుకుంటే తగలనివ్వాలి, వద్దనుకుంటే లోపలికి పోవాలి, ఈ రెండు పడవల మీద ప్రయాణం ఏమిటి? ఈ సందేహాలన్నిటికీ దొరికిన మనిషి మనవరాలు హోప్. ఆ పిల్ల "ఐ డోంట్ నో నానమ్మా, జస్ట్ గూగుల్ ఇట్" అని తప్పించుకునేది.

ఆ జూలై శనివారం పొద్దున కూడా ఆవిడ అలాగే దేని గురించో ఆలోచిస్తూ, హామిల్టన్‌లో కొడుకు ఇంటి వెనక డెక్ మీద పాత వాయిల్ చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. అవి ఇంట్లోవాళ్ళ కోసం కాదు. చర్చిలో తెలుగు ఫెలోషిప్ అంటే ఒకప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కుటుంబాలు. ఇప్పుడు ఏ ఆదివారం చూసినా స్టూడెంట్లతో హాలు నిండిపోతోంది. నెలకోసారి వాళ్ళకి భోజనం పెడతారు. మొదటిసారి పప్పుచారులోకి వడియాలు వేయించి తీసుకెళ్ళినప్పుడు, ఒక పిల్లాడు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజునుంచి జ్ఞానసుందరికి వేసవి అంటే వడియాల కాలం.

కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న వర్షిణి కాఫీ షాపులో డ్యూటీకి వెళుతూ ఆగింది. వరంగల్ పిల్ల, కాలేజీలో చేరి ఏడాదయింది.

"ఆంటీ, మల్ల మొదలుపెట్టిన్రా? మొన్నటియి ఎండినాయా?"

"ఎక్కడమ్మా! మన దగ్గరైతే రెండు ఎండలకి గలగలమనేవి. ఇక్కడి ఎండ చప్పిడి ఎండ. నాలుగు రోజులు పడుతోంది. పైగా ఈ ఉడతలు, ఆ లేక్ పక్షులు. కాపలా కూర్చోకపోతే సగం వాటికే."

"పొద్దంతా ఎండల కూసుంటే ఎట్ల ఆంటీ?"

"నాకేమవుతుందే? నరసాపురం ఎండలో పుట్టిన ఒళ్ళు ఇది."

నరసాపురంలో పుట్టిందనడానికి ఇంకో గుర్తు ఆవిడ ఒడిలో ఎప్పుడూ ఉండేది. లేసు అల్లిక. మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఆ పనితోనే చీరకొంగులు, టేబుల్ గుడ్డలు, పెళ్ళికూతుళ్ళ ముసుగులు అల్లుతూ భర్త నతానియేలు గారితో సంసారం నెట్టుకొచ్చింది. ఆయన పోయాక, ఇల్లు అద్దెకిచ్చి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కొడుకు ఆరన్ దగ్గరికి వచ్చేసింది. ఇక్కడా చెయ్యి ఊరుకోదు. బీపీ మాత్రల సీసాలు ఆవిడకి తెగ నచ్చాయి. మాత్రలు తన పాత పిప్పరమెంట్ల డబ్బాలోకి ఒంపేసుకుని, సీసాకున్న కాగితాలన్నీ కొబ్బరినూనె రాసి గీకేసి, అందులో అల్లిక సూదులు పెట్టుకునేది. మూత గట్టిగా పడుతుంది, చిన్నపిల్లలు తియ్యలేరు, ఎంత తెలివైన సీసా అని మెచ్చుకునేది.

వర్షిణి వెళ్ళిందో లేదో కోడలు ఫేబీ డెక్ తలుపు తీసింది. హాస్పిటల్లో నర్సు. యూనిఫాంలో ఉంది, ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో పొడుగాటి ట్యూబు.

"అత్తయ్యా, ఇది మొహానికి, మెడకి, చేతులకి బాగా పట్టించండి. రోజూ రాయాలి. మర్చిపోవద్దు."

ట్యూబు బల్ల మీద పెట్టి, గడియారం చూసుకుని, పరుగున వెళ్ళిపోయింది. లోకంలో ప్రతిదాన్నీ ఎందుకని అడిగే జ్ఞానసుందరి ఆ ట్యూబుని మాత్రం ఎందుకని అడగలేదు.

మధ్యాహ్నం బాత్రూంలో రాసుకుని అద్దంలో చూసుకుంది. ఆవిడది నలుపు. ఏదో చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, నిఖార్సయిన నలుపు. దాని మీద ఆ క్రీము ఎంత రుద్దినా ఇంకలేదు. మొహం అంతా బూడిద పూసినట్టు తెల్లగా తేలింది. అద్దంలో ఆ తెల్లటి మొహాన్ని చూసేసరికి జ్ఞానసుందరికి అత్తగారు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరేముందు అత్తగారు గుమ్మంలో ఆపి, మొహానికి దట్టంగా పౌడరు కొట్టి, "ఇప్పుడు నలుగురిలోకి రా" అనేది. మూడు సంబంధాలు రంగు చూసి వెనక్కి పోయిన పిల్ల కాబట్టి కిక్కురుమనకుండా కొట్టించుకునేది. ఆ అత్తగారు పోయి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు కోడలు తెచ్చింది, పౌడరు పోయి క్రీము వచ్చింది, అంతే తేడా అనుకుంది. ఫేబీ మంచి రంగు మనిషి. వచ్చే వారం లేక్ ఒడ్డున ఫెలోషిప్ పిక్నిక్. ఆవిడ లెక్కలో అన్నీ కలిసిపోయాయి.

అయినా అనుమానం అనుమానమే కదా అని మర్నాడు కూడా రాసుకునే చర్చికి వెళ్ళింది. ప్రార్థనయ్యాక హాల్లో టీ తాగుతుండగా సరోజన పక్కన చేరింది. ఫెలోషిప్‌లో ఆవిడకి తెలియని సంగతి ఉండదు, ఆవిడ అనని మాటా ఉండదు.

"వందనాలండి సుందరి గారూ! ఏమిటీ, ఇవాళ మెరిసిపోతున్నారు? మీ కోడలు మిమ్మల్ని తెల్లగా చేసి పిక్నిక్‌కి తీసుకెళ్దామనుకుంటోందా ఏమిటి?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. సరోజన మనసులో ఏ కుళ్ళూ లేదు, నోరే అంత. జ్ఞానసుందరి కూడా నవ్వేసింది. నవ్వి, బాత్రూంలోకి వెళ్ళి, మొహం సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఇంటికొచ్చి ట్యూబుని సొరుగులో వెనక్కి తోసేసింది. అంతమంది ముందు నవ్వులపాలయ్యానన్న బాధ కంటే, కోడలు తనని ఇలా చూస్తోందా అన్న బాధ ఎక్కువయింది.

సోమవారంనుంచి మళ్ళీ వడియాల కాపలా. "అమ్మా, ఎండలో అంతసేపు ఉండకే" అని ఆరన్ సణిగితే, "శాలువా కప్పుకుంటాలేరా" అని తను అల్లిన తెల్లటి లేసు శాలువా తలమీదుగా కప్పుకుని, చేతులు కూడా దానితోనే చుట్టుకుని కూర్చునేది. అనాస డిజైను శాలువా అది. కళ్ళలాంటి పెద్ద పెద్ద ఖాళీలు, నడుమ దారంతో సన్నటి గొలుసులు. గాలి హాయిగా ఆడేది.

మంగళవారం సాయంత్రానికి చేతులు చిరచిరలాడాయి. బుధవారానికి ముంజేతులు, మెడ కింద, బుగ్గలు ఎర్రగా పొంగి, ఆపైన నల్లగా కమిలిపోయాయి. దురదా మంటా కలిపి పీకేశాయి. పెరుగు రాసింది, కొబ్బరినూనె రాసింది. ఏం లాభం లేకపోయింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, కొంగు మెడచుట్టూ లాక్కుని తిరిగింది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు. అసలు ఎవరైనా అడగాలనే చూస్తోంది కూడా.

గురువారం రాత్రి భోజనాల దగ్గర ఆ ముహూర్తం వచ్చింది. ఫేబీ చారు వడ్డిస్తూ అత్తగారి బుగ్గలు చూసి చేయి ఆపింది.

"అత్తయ్యా, ఏమైంది మొహానికి? క్రీము రాసుకుంటున్నారా లేదా?"

"రాసుకున్నాను తల్లీ. రాసుకోబట్టే ఈ గతి పట్టింది."

"క్రీము వల్ల అలా రాదు. ఏదీ, చూడనివ్వండి."

"చూసింది చాలు. ఇంకెన్ని పూతలు పూస్తారు నాకు? పౌడరయింది, సున్నిపిండయింది, ఇప్పుడు ట్యూబులొచ్చాయి. నలుగురిలోకి నన్ను తీసుకెళ్ళడానికి నీకు నామోషీ అయితే ఆ మాట నోటితో చెప్పు. బల్లమీద ట్యూబు పెట్టి పోవడం కాదు!"

ఫేబీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నామోషీ ఏమిటి? మీరేమంటున్నారో నాకర్థం కావట్లేదు."

"నా నలుపు నీకు నచ్చలేదంటున్నాను."

"అమ్మా!" ఆరన్ కంచం పక్కకి నెట్టాడు. "అది సన్‌స్క్రీనే! ఎండకి రాసుకునేది! ఇక్కడ అందరూ రాసుకుంటారు."

"ఎవర్ని నమ్మిస్తావురా? అద్దంలో నా మొహం నేను చూసుకోలేదూ, సున్నం కొట్టినట్టు! ఎండట, ఎండ! నరసాపురం రోళ్ళు పగిలే ఎండలో బతికినదాన్ని. ఆ ఎండే నన్నేం చెయ్యలేదు, ఈ చప్పిడి ఎండ చేస్తుందా? ఎండకి భయపడాల్సింది తెల్లతోలు వాళ్ళు. మాబోటి నల్లవాళ్ళకి దానితో ఏం పని?"

ఆఖరి మాటకి ఫేబీ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మీ ఇష్టం అత్తయ్యా. మీ ఒళ్ళు మీది," అని మేడమీదికి వెళ్ళిపోయింది. హోప్ ఒకసారి తండ్రి వైపు, ఒకసారి నానమ్మ వైపు చూసి, "కెన్ ఐ బీ ఎక్స్‌క్యూజ్‌డ్?" అని గొణిగి తల్లి వెనకే పోయింది.

జ్ఞానసుందరి అక్కడ ఆగితే బాగుండేది. కానీ ముక్కుమీద ఉన్న కోపం నోట్లోకి దిగింది.

"చూశావా, మీ ఒళ్ళు మీది అంటోంది! నాకు టికెట్ బుక్ చెయ్యరా. వెళ్ళిపోతాను."

వద్దమ్మా అంటాడనుకుంది. ఆరన్ పొద్దుటినుంచి ల్యాబులో నిలబడి నిలబడి వచ్చినవాడు. విసిగిపోయి ఉన్నాడు. "సరే. రేపు సాయంత్రం వచ్చాక చేస్తాను," అన్నాడు.

ఆ సరే అన్న మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగింది. వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. నరసాపురంలో ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఉన్నారు. అక్కడ ఎదురుచూసే మనిషి లేడు. ఇక్కడ హోప్ ఉంది, ఆదివారం హాలు నిండా ఆకలితో వచ్చే పిల్లలు ఉన్నారు, అడగడానికి రోజుకి పది కొత్త ప్రశ్నలున్నాయి. అయినా నోరు జారింది, ఇక వెనక్కి ఎలా తీసుకోవడం?

మర్నాడు ఆరన్ డ్యూటీకి పోయాడు, హోప్ సమ్మర్ క్యాంపుకి పోయింది. ఫేబీకి మధ్యాహ్నం షిఫ్టు, కింద వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. జ్ఞానసుందరి తన గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి బట్టలు సర్దుతోంది. చీరలయ్యాక లేసు శాలువా మడత పెట్టబోయింది. కిటికీలోంచి వెలుతురు తిన్నగా ఆవిడ ముంజేతి మీద పడింది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

కమిలిన చోట ఏదో వరస కనిపిస్తోంది. మచ్చలు చెదురుమదురుగా లేవు. గుండ్రంగా ఒకటి, దాని చుట్టూ చిన్నవి, మధ్యలో కమలని చర్మం సన్నటి గీతల్లాగా. కళ్ళజోడు వెతికి పెట్టుకుంది. చెయ్యి కిటికీ దగ్గరికి జరిపింది. ఇది ఎక్కడో చూసినట్టుందే! యాభై ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన వరస. శాలువా తీసి ముంజేతి మీద పరిచి, ఇటు జరిపి, అటు జరిపి, ఒకచోట ఆపింది. కంటికి కన్ను, గొలుసుకి గొలుసు సరిపోయింది. తను అల్లిన అనాసపండు తన చేతిమీదే అచ్చయి ఉంది. దారం అడ్డున్నచోట చర్మం బాగుంది. కన్ను ఉన్నచోట కమిలింది.

"ఓరి దేవుడా!" అంది పైకే.

ఆ క్షణంలో ఆవిడకి దెబ్బలాట గుర్తులేదు, టికెట్ గుర్తులేదు. ఒక వింత కనిపిస్తే దాన్ని ఇంకొకరికి చూపించకుండా ఉండలేని మనిషి. శాలువా చేతిమీద అలాగే పట్టుకుని, మెట్లు దిగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఫేబీ! ఇటు రా, ఇటు రా! ఇది చూడు!"

గిన్నెలు తోముతున్న ఫేబీ ఉలిక్కిపడి తిరిగింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. అత్తగారు ఆ కళ్ళని చూడలేదు. చెయ్యి చాపి, శాలువా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది.

"చూశావా? నా డిజైనే! ఇదిగో ఇది అనాస కడుపు, ఇది దాని తోక. ఎలా పడిందంటావు?"

ఫేబీ తడి చేతులు తుడుచుకుని వంగింది. ఇద్దరి తలలూ ఆ ముంజేతి మీద దగ్గరయ్యాయి. ఫేబీ కాసేపు పరీక్షగా చూసి మెల్లగా అడిగింది.

"మీరే చెప్పండి అత్తయ్యా. క్రీము వల్లయితే ఎలా ఉండాలి?"

"క్రీమా..." జ్ఞానసుందరి ఆలోచించింది. "క్రీము అంతటా పూశాను కదా. అంతటా రావాలి. పైగా అది ఆదివారంతో ఆపేశాను. ఇది బుధవారం వచ్చింది." ఆగింది. "దారం కింద రాలేదు. అంటే పైనుంచి వచ్చిందేదో కన్నుల్లోంచి దిగింది." గొంతు తగ్గింది. "అంటే, ఎండేనా?"

"ఎండే అత్తయ్యా."

"మరి అక్కడ ఇన్నేళ్ళూ ఏం చెయ్యని ఎండ ఇక్కడ ఎందుకు చేసిందే?"

"నాకూ అదే ఆశ్చర్యంగా ఉంది. ఈ మధ్య కొత్త మందులేమైనా మొదలుపెట్టారా?"

"కొత్తవేం లేవు. మేలో డాక్టరు బీపీ మాత్ర మార్చాడు కదా, అదే. వేసుకుంటే మాటిమాటికీ బాత్రూంకి పోవాలి, ఆ మాత్ర."

"ఏదీ ఆ సీసా?"

జ్ఞానసుందరి అల్లిక సూదుల సీసా తెచ్చి ఇచ్చింది. ఫేబీ నున్నగా మెరుస్తున్న ఆ సీసాని అటూఇటూ తిప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. పిప్పరమెంట్ల డబ్బాలోంచి ఒక మాత్ర తీసుకుని, "పదండి," అంది.

ప్లాజాలో ఫార్మసీ. అక్కడి ఫార్మసిస్టు జ్ఞానసుందరి చేతులు చూసి, కంప్యూటర్లో మందు చూసి, ఒంట్లో నీరు తీసేసే ఈ మాత్ర వేసుకునేవాళ్ళలో కొందరి ఒళ్ళు ఎండకి ఓర్చుకోదని, మామూలు కంటే తొందరగా కమిలిపోతుందని చెప్పింది. వయసు పెరిగేకొద్దీ చర్మం పలచబడుతుంది, మందులూ పెరుగుతాయి, అందుకని పెద్దవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలంది. మాత్ర సొంతంగా మానెయ్యకూడదని గట్టిగా చెప్పి, అక్కడినుంచే డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసింది. సాయంత్రంలోగా వేరే మాత్ర రాసి పంపుతామన్నారు వాళ్ళు. మంటకి ఒక ఆయింట్‌మెంటు ఇచ్చింది.

"సీసా మీద పసుపుపచ్చ స్టిక్కరు అంటిస్తామే, సూర్యుడి బొమ్మ ఉంటుంది, చూడలేదా?" అని ఫార్మసిస్టు అడిగింది. ఫేబీ తెలుగులో చెప్పింది. జ్ఞానసుందరికి ఆ బొమ్మ బాగా గుర్తుంది. యాపిల్ పండు మీద అంటించే స్టిక్కరు లాంటిదేదో అనుకుని గోటితో గీకి పారేసింది. చెత్తడబ్బాల రంగుల గురించి వారం రోజులు ఆరా తీసిన మనిషి, మందు సీసా మీద సూర్యుడెందుకున్నాడని ఒక్కసారి కూడా అనుకోలేదు.

కారులో కూర్చున్నాక ఫేబీ ఇంజను ఆన్ చెయ్యలేదు. ముందు అద్దంలోంచి ఎండ ఒళ్ళోకి పడుతోంది. చెయ్యి చాచి అత్తగారి వైపు అద్దం పైన ఉన్న ఎండ పలకని కిందికి దించి నీడ చేసింది.

"తప్పు నాదీ ఉంది అత్తయ్యా. షిఫ్టు హడావుడిలో ట్యూబు పెట్టేసి పోయాను. మన రంగు మీద అది తెల్లగా తేలుతుందన్న ధ్యాసే లేదు. రంగు కలిపినవి దొరుకుతాయి, మీ ఒంట్లో కలిసిపోతాయి. అవి తెస్తాను. వడియాలకి దోమతెర కప్పుదాం, క్లిప్పులు పెట్టి. పదకొండునుంచి మూడుదాకా మీరు లోపల కూర్చుని కిటికీలోంచి కాపలా కాయండి. మబ్బుగా ఉన్నా అంతే. టోపీ కూడా పెద్దది పెట్టుకోవాలి. లేసుది కాదు."

జ్ఞానసుందరి నవ్వింది. నవ్వుతూనే కోడలి మొహం వైపు తిరిగి, అప్పుడు చూసింది ఆ ఉబ్బిన కళ్ళని.

"ఫేబీ, నిన్న నేనన్న మాటలకి నీకు కోపం రావాలి. కోపం వస్తే కేకలెయ్యాలి. నువ్వేమో నల్లవాళ్ళకి ఎండతో ఏం పని అన్నమాటకి తెల్లబోయావు. ఎందుకని?"

ఫేబీ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ మొదలుపెట్టింది.

"అదే మాట మా ఇంట్లో అందరూ అన్నారు అత్తయ్యా. నాన్న బందరులో పీఈటీ మాస్టారని మీకు తెలుసుగా."

"సంతోషం మాస్టారు. తెలుసు."

"ముప్ఫై ఏళ్ళు గ్రౌండులోనే. నెత్తిన టోపీ ఉండేది కాదు. కింది పెదవి మీద చిన్న పుండు లేచింది. మానేది కాదు. విజిల్ ఒరుసుకుందిలే అన్నారు అందరూ. అమ్మ వెన్న రాసేది. ఆయన విజిల్ ఇంకోవైపు పెట్టుకుని ఊదడం మొదలుపెట్టారు. ఎండ వల్ల కావచ్చేమో చూపించండి అని ఒక కొత్త టీచరు అంటే స్టాఫ్ రూమంతా నవ్విందట. మాస్టారి నలుపుకి ఎండేం చేస్తుందయ్యా అని. మెడలో గడ్డ తేలాక చూపించారు. అప్పటికి ఆలస్యమైపోయింది." ఫేబీ అత్తగారి వైపు తిరిగింది. "నాకు ఇంకో మనిషిని అలా పోగొట్టుకోవడం ఇష్టం లేదు."

సంబంధం మాట్లాడుకునేనాటికే ఆయన లేరు. పెళ్ళికూతురు తండ్రి క్యాన్సర్‌తో పోయారని మధ్యవర్తి చెబితే, జ్ఞానసుందరి అయ్యో అనుకుంది, ప్రార్థన చేసింది. ఏ క్యాన్సర్ అని అడగలేదు. ఎన్నాళ్ళు బాధపడ్డారని అడగలేదు. ఈ పిల్ల కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో, రోజూ ఒకే వంటింట్లో తిరుగుతూ, మీ నాన్న ఎలా పోయాడమ్మా అని ఒక్కనాడైనా అడగలేదు. పొద్దు ఎందుకు గుంకదో అడిగింది. ఉడత తోక అంత పొడుగెందుకో అడిగింది. ఎదురింటి ముసలాయన గురించి కూడా అడిగింది. పక్కన ఉన్న పిల్లని మాత్రం ఏమీ అడగకుండానే, ఆ పిల్ల మనసులో ఏముందో తనకంతా తెలుసనుకుంది.

కళ్ళలో నీళ్ళు ఆగలేదు. దుఃఖం వచ్చింది, దానితోపాటు సిగ్గూ వేసింది. కమిలిన చెయ్యి ఎత్తి కోడలి తల నిమిరింది. ఫేబీ ఆ చేతి కింద తల వంచుకుని, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఇద్దరూ అలా ఏడుస్తుంటే పక్క కారావిడ అనుమానంగా చూసి పోయింది.

ఫోన్ మోగింది. ఆరన్. ఫేబీ స్పీకర్ నొక్కింది.

"ఫేబీ, బ్రేక్‌లో టికెట్లు చూస్తున్నా. వచ్చే బుధవారానికి ఒకటుంది. అమ్మ మూడ్ ఎలా ఉంది? చెయ్యమంటావా?"

"పెట్టేయ్‌రా ఫోను," అంది జ్ఞానసుందరి కళ్ళు తుడుచుకుంటూ. "మేం మాట్లాడుకుంటున్నాం. మధ్యలో నీ గోలేమిటి?"

అవతల ఆరన్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. లైను కట్ అయింది. ఫేబీ ఏడుపు మధ్యలోనే నవ్వింది.

"నీ షిఫ్టుకి టైమెంతుందమ్మా?"

"ఇంకా ఉంది అత్తయ్యా."

"అయితే చెప్పు. మీ నాన్నగారు ఎలా ఉండేవారు? నేను ఫొటోలో చూడటమే. మీ గదిలో గోడకుంటుందే, తెల్లటి చొక్కా, మనిషి కూడా దొరబాబులా తెల్లగా..."

"అది పెద్దది చేయించేటప్పుడు స్టూడియోవాడు దిద్దేశాడు. అందరికీ అలాగే చేసేవాడు, అడగకపోయినా." ఫేబీ అత్తగారి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అనాస అచ్చు పడిన ముంజేతి పక్కన, కమలకుండా మిగిలిన చర్మం మీద వేలు పెట్టింది. "ఆ ఫొటోలో ఉన్నట్టు ఉండేవారు కాదు. నల్లగా ఉండేవారు. అచ్చం ఈ రంగు."

జ్ఞానసుందరి కోడలి వేలి కింద ఉన్న తన చర్మాన్ని కాసేపు చూసుకుంది.

"అయితే అందగాడే," అంది.